నటీమణుల ఆత్మకథలు - పఠితల ధర్మము

గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో జీవితచరిత్రలను కోరువారు ఎల్లప్పుడును ఉందురు. మహాత్ముల చరిత్రలు, కవుల చరిత్రలు, దేశసేవకుల ఆత్మకథలు బీరువాలో ముందువరుసలో నిలుచును. వానిని చేతబట్టుకొని నడివీధిని నడచుటకు ఎవ్వరును సంకోచింపరు. నటీమణులు వ్రాసికొన్న ఆత్మకథల గతి వేఱు. వానిని చదువువారు తక్కువ కారు; చదివితిమని చెప్పుకొనువారు తక్కువ. పాత వార్తాపత్రికతో అట్ట వేసి పుస్తకము పేరు కానరాకుండ ఇంటికి కొనిపోవుటయు కలదు.

ఈ సంకోచమునకు కారణము పుస్తకములో లేదు. చదువువాని దృష్టిలో ఉన్నది. నటి వ్రాసిన పుస్తకమనగానే కొందఱు అందలి రహస్యములకై వెదకుదురు. మఱికొందఱు అది చదువదగినది కాదని తెఱచి చూడకయే పక్కన బెట్టుదురు. మొదటివారు పుస్తకమును కిటికీ సందు చేసికొనిరి. రెండవవారు ఆ కిటికీని మూసివేసిరి. ఇరువురును ఆ స్త్రీ చెప్పదలచిన మాటను వినలేదు.

నటి వృత్తిలో ఒక విశేషము కలదు. జీవితమంతయు వేలకొలది జనుల యెదుట ఆమె మాటలాడును. కాని ఆ మాటలు ఆమెవి కావు. కవి వ్రాసినవి, దర్శకుడు దిద్దినవి, యజమాని అంగీకరించినవి. సీతయై విలపించును, శకుంతలయై నిలువెల్ల సిగ్గుపడును, ద్రౌపదియై ప్రశ్నించును. తానై పలుకుటకు మాత్రము అవకాశము చిక్కదు. ఆమె ముఖము ఊరూర తెలియును, మనస్సు ఎవ్వరికిని తెలియదు. అట్టి స్త్రీ కలము పట్టినప్పుడు, మొట్టమొదటిసారిగా తన మాటను తాను పలుకుచున్నదని గ్రహింపవలెను. అందుచేత ఆ పుస్తకము వినోదముకంటె సాక్ష్యమునకు చేరువైనది. ఆ సాక్ష్యమెట్టిదో తెలియుటకు పందొమ్మిదవ శతాబ్దికి పోవలసియున్నది.

ఇంగ్లండు దేశమున కెంబల్ వంశము నటకులముగా ప్రసిద్ధి కెక్కినది. విషాద పాత్రలకు పేరుపొందిన సారా సిడన్స్ ఆ యింటి ఆడుబిడ్డయే. ఆమెకు మేనకోడలైన ఫానీ కెంబల్ 1809 నవంబరు 27వ తేదీన లండనులో జన్మించెను. ఫానీ తండ్రి చార్లెస్ కెంబల్ కోవెంట్ గార్డెన్ నాటకశాలకు నిర్వాహకుడు. ఆ నాటకశాల అప్పులలో మునిగి, మూతపడు స్థితికి వచ్చినది. కుటుంబమును కాపాడుటకు మిగిలిన ఉపాయముగా 1829 అక్టోబరు 5వ తేదీన పందొమ్మిదేండ్ల కుమార్తెను జూలియట్ పాత్రలో రంగస్థలముపై నిలిపిరి. మొదటి రాత్రియే ఆమె కీర్తి లండను నగరమంతయు ప్రాకినది. వారమునకు 30 గినీల వేతనము వచ్చినది. నాటకశాల తాత్కాలికముగా గట్టెక్కినది.

లోకము కన్నది ఈ విజయమును మాత్రమే. ఆ యువతి తన దినచర్యలోను, లేఖలలోను వ్రాసికొన్నది వేఱు. నటన యనిన ఆమెకు ప్రీతి లేదు. ఆమె కోరినది రచన. నాటకము వ్రాసెను, పద్యములు వ్రాసెను. ప్రతిరాత్రియు తెర దిగిన పిదప కాగితములు ముందు వేసికొని కూర్చుండెను. 1832లో తండ్రితో కలిసి అమెరికాకు పోయి, అచ్చటి నగరములలో నాటకములాడెను. 1834లో ఫిలడెల్ఫియాకు చెందిన పియర్స్ బట్లర్ అను ధనికుని వివాహమాడి రంగస్థలమును విడిచెను. మఱుసటి సంవత్సరము, అనగా 1835లో, ఆమె అమెరికా దినచర్య అచ్చుపడినది. అప్పటికామె వయస్సు ఇరువదియైదు.

ఆ పుస్తకము పెద్ద అలజడి రేపినది. అమెరికనుల అలవాట్లను, విందులను, సంభాషణలను ఆమె నిర్మొగమాటముగ వర్ణించెను. పత్రికలు మండిపడినవి, పుస్తకము మాత్రము విరివిగా అమ్ముడుపోయినది. భర్తకు ఆ ప్రచురణము ఇష్టము లేదు. పుటలు తిరగవేయగా ఒక చిత్రమైన విషయము కనబడును. అందు మనుష్యుల పేర్లుండవలసిన చోట్ల గీతలున్నవి. పాఠకులు ఆ గీతలను పూరించుటయే ఒక వినోదముగా చేసికొనిరి. ఆ వినోదములో, ఒక యువతి తనకు నచ్చని వృత్తిని కుటుంబముకొఱకు మోసినదను సంగతి మఱుగున పడినది.

ఫానీ రచనాజీవితములో అసలైన ఘట్టము దాని పిదప వచ్చినది. భర్తకు జార్జియా రాష్ట్రమున వరి, ప్రత్తి పండు విశాలమైన భూములు వారసత్వముగా సంక్రమించినవి. అచ్చట పనిచేయువారు బానిసలు. 1838 చివరనుండి 1839 వసంతమువఱకు ఆమె ఆ తోటలలో నివసించెను. అచ్చటి బానిస స్త్రీలు ఆమె యొద్దకు వచ్చి తమ బాధలను చెప్పుకొనిరి. ప్రసవించిన మూడు వారములకే తిరిగి పొలములోనికి పోవలసివచ్చుచున్నదనియు, ఇంకొక్క వారము విశ్రాంతి ఇప్పింపుమనియు వేడిరి. ఆమె వారి మాటలను లేఖల రూపమున వ్రాసి పెట్టెను. ఒక్కొక్క స్త్రీ ఎందఱు బిడ్డలను కన్నది, ఎందఱిని పోగొట్టుకొన్నది, వరుసగా లెక్క వ్రాసెను. ఆ లెక్కలో గీతలు లేవు. నానీ, లియా, సోఫీ, షార్లెట్ అని ఎవరి పేరు వారిదిగా నిలిచినది. దొరల విందుల పుస్తకములో పేర్లకు మాఱుగా గీతలు పెట్టిన లేఖినియే బానిస స్త్రీల పేర్లను పదిలపఱచినది.

ఈ రెండవ పుస్తకము వెలువడుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది. నాటి న్యాయవిధానములో భార్య ఆస్తిపైనను, బిడ్డలపైనను భర్తకే అధికారము. ఆమెకు ఇరువురు కుమార్తెలు. పుస్తకమును అచ్చువేయించిన వారిని చూచు భాగ్యముకూడ దక్కదను భయముండెను. దంపతులకు 1849లో విడాకులైనవి. 1859లో భర్త తన అప్పులు తీర్చుటకు 400 మందికి పైగా బానిసలను సవన్నా పట్టణమున వేలము వేయించెను. కుమార్తెలు పెద్దవారైన పిదప, అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండగా, 1863లో ఆమె ఆ లేఖలను ప్రకటించెను. దక్షిణ రాష్ట్రములపై ఇంగ్లండులో పెరుగుచున్న సానుభూతిని తగ్గింపవలెనని ఆమె ఉద్దేశము. నేడు బానిసత్వ చరిత్రను పరిశోధించువారు ఆ గ్రంథమును తప్పక చూతురు. నటి పుస్తకమని దానిని తెఱవనివాడు నటి కథను మాత్రమే కాక, ఆ బానిస స్త్రీల కథనుకూడ పోగొట్టుకొనును.

ఫానీ కెంబల్‌కు విద్య కలదు, వంశగౌరవము కలదు. ఈ రెండును లేని నటి కలము పట్టినచో ఏమగునో తెలియుటకు భారతదేశమునకు, వంగదేశ రంగస్థలమునకు రావలెను.

కలకత్తాలో స్త్రీ పాత్రలను మొదట పురుషులే ధరించుచుండిరి. 1873లో బెంగాల్ థియేటరువారు మైకేల్ మధుసూదనదత్తు సలహాపై స్త్రీలను నటులుగా తీసికొనిరి. కులస్త్రీలు రంగమునకు వచ్చు కాలము కాదు గనుక వేశ్యావాటికలనుండి నలుగురిని నియమించిరి. విధవా వివాహములకై పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడంతటివాడు దీని కంగీకరింపక ఆ సంఘమునుండి తప్పుకొనెను. సంస్కర్తల దయకు కూడ ఒక ఎల్ల ఉండెనని దీనివలన తెలియుచున్నది. తెలుగునాట సురభి సమాజములలో స్త్రీలు నటించుచున్నను, పెక్కు నాటక సమాజములలో స్త్రీ పాత్రలు చాలకాలము పురుషులవే. సత్యభామగా ఆంధ్రదేశమును అలరించిన స్థానం నరసింహారావుగారు తమ అనుభవములను 'నటస్థానము' అను గ్రంథముగా వ్రాసిరి. స్త్రీ వేషము వేసిన పురుషునికి దక్కిన గౌరవము, స్త్రీగా జన్మించి స్త్రీ పాత్ర ధరించినవారికి దక్కుటకు ఎన్నియో ఏండ్లు పట్టినది.

అట్టి కాలమున బినోదినీ దాసి రంగస్థలమెక్కెను. ఆమె 1863 ప్రాంతమున కలకత్తాలో ఒక పేద ఇంట జన్మించెను. ఇంటిలో తల్లి, అమ్మమ్మ, ఒక తమ్ముడు. తమ్ముడు చిన్ననాడే మరణించెను. బినోదినికి ఊహ తెలియని వయస్సున జరిగిన పెండ్లి పేరునకే మిగిలినది. వారి యింట అద్దెకున్న గంగాబాయి అను గాయని ఆమెకు సంగీతము నేర్పెను. ఆ పరిచయము ద్వారా 1874లో, సుమారు పండ్రెండేండ్ల వయస్సున, నెలకు పది రూపాయల జీతముపై గ్రేట్ నేషనల్ థియేటరులో చేరెను. సంస్కృత వేణీసంహారము ననుసరించి వ్రాసిన 'శత్రుసంహారము'లో ద్రౌపది చెలికత్తె పాత్ర మొదటిది. అందు ఆమె పలుకవలసిన మాటలు కొలదియే.

పది పండ్రెండేండ్లలో ఆమె వంగ రంగస్థలమునకు తలమానికమైనది. నటుడును, నాటకకర్తయు నైన గిరీశచంద్ర ఘోషు ఆమెకు గురువు. పాత్ర స్వభావమును ఎట్లు ఊహింపవలెనో, విదేశీయ నటీమణులు ఎట్లు అభినయించిరో ఆయన వివరించి చెప్పెడివాడు. 'మేఘనాదవధ' నాటకములో ఆమె ఒక్కతియే ఏడు పాత్రలను ధరించెను. 1884లో 'చైతన్యలీల'లో చైతన్య మహాప్రభువుగా నటించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన శ్రీ రామకృష్ణ పరమహంస ఆ నాటకమును చూచి ఆమెను ఆశీర్వదించిరి. నాటకశాల యనిన ముక్కు మూసికొను పెద్దలుకూడ నాటినుండి ద్వారము దాటి లోనికి వచ్చిరి. రంగస్థలమునకు ఆ గౌరవము తెచ్చిన స్త్రీకి మాత్రము ఆ పెద్దల యిండ్లలో ప్రవేశము లేదు.

ఆమె ఆత్మకథకు ప్రాణమైన ఘట్టము 1883వ సంవత్సరములోనిది. ఒకమారు ఆమె సెలవుపై కాశికి పోయి, అచ్చట జబ్బుపడి, ఆలస్యముగ తిరిగివచ్చెను. నాటకశాల యజమాని ఆ కాలమునకు జీతమియ్య నిరాకరించెను. గిరీశుడు మొదలగువారికిని ఆ యజమానితో పొసగలేదు. తమకు తామొక నాటకశాల నిర్మించుకొనవలెనని నిశ్చయించిరి. దానికి ధనము కావలెను. గురుముఖరాయి అను యువ వర్తకుడు ధనమిచ్చుటకు ముందుకు వచ్చెను. కాని అతడు పెట్టిన నియమము ఒక్కటి. బినోదిని తన యండ చేరవలెను. నాటకశాల ఊసు విడిచినచో ఏబదివేల రూపాయలిత్తునని కూడ ఆమెకు ఆశ చూపెను. ఆమె ధనమును కాదని నాటకశాలను కోరెను. సహనటులు బతిమాలిరి, గురువు నచ్చజెప్పెను. తన వాని ననుకొన్న పోషకుని విడిచి, ఆమె ఆ నియమమున కొప్పుకొనెను.

దానికి బదులుగా వారామెకు ఒక మాట యిచ్చిరి. క్రొత్త నాటకశాలకు ఆమె పేరు పెట్టుదుము, బినోదిని తొలి అక్షరము ననుసరించి 'బి థియేటరు' అని పిలుచుదుము అనిరి. ఆ మాట నమ్మి, బీడన్ వీధిలో కట్టడము లేచుచుండగా ఆమె కూలీలతోపాటు తానును మట్టి తట్టలు మోసెను. రిజిస్ట్రీకి పోయి వచ్చినవారిని ఏమి పేరు పెట్టితిరని ఆత్రముతో అడిగెను. 'స్టార్' అనిరి. వేశ్య పేరు పెట్టినచో జనులు రారని వారి భయము. ఆమె కొంతసేపు మాటలాడలేకపోయెను. 1883 జూలై 21వ తేదీన స్టార్ థియేటరు 'దక్షయజ్ఞము'తో ప్రారంభమైనది. తండ్రి యింట అవమానమునకు గురియైన సతీదేవి పాత్రను బినోదినియే ధరించెను. తాను మట్టి మోసి కట్టిన యింట ఆ పాత్ర ధరించుటలోని వ్యథ ఆ రాత్రి ప్రేక్షకులలో ఎవరికి తెలియును?

1887వ సంవత్సరారంభమున, ఇరువది నాలుగేండ్ల వయస్సు నాటికి, ఆమె రంగస్థలమును శాశ్వతముగ విడిచెను. పిదప ఒక సంపన్న గృహస్థుని యండలో ఏండ్ల తరబడి కాలము గడపెను. ఒక కుమార్తె కలిగినది. ఆ బిడ్డను పాఠశాలలో చేర్పింప యత్నించినను, తల్లి యెవరను ప్రశ్న అడ్డు వచ్చినది. ఆ బిడ్డ యౌవనము రాకమునుపే మరణించెను. 1912లో ఆ గృహస్థుడును మరణింపగా బినోదిని నిరాశ్రయురాలయ్యెను. ఆ సంవత్సరముననే ఆమె ఆత్మకథ 'ఆమార్ కథా' వెలువడినది. 'నా కథ' యని దాని అర్థము.

ఆ పుస్తకము గురువైన గిరీశునకు వ్రాసిన లేఖల రూపమున నడచును. దానికి పీఠిక వ్రాయుమని ఆమె ఆయననే కోరెను. ఆయన వ్రాసెను. అందు ఆమె నటనాప్రతిభను కొనియాడెను. కాని జరిగిన పెక్కు సంగతులను వదలివేసెను. ఆమెకు తృప్తి కలుగలేదు. నిజము చెప్పలేదేమని అడిగెను. అప్రియమైన సత్యమును అన్నివేళల ప్రకటింపరాదని ఆయన సమాధానము. మనుస్మృతినాటి నీతియే అది. కాని ఆ నీతి ఎవరికి అక్కఱకు వచ్చినదో ఆలోచింపవలెను. సత్యము చెప్పినచో అప్రియమగునది మాట తప్పినవారికి. చెప్పకున్న నష్టమగునది మాట నమ్మినవారికి. మఱల వ్రాసి యిత్తునని గిరీశుడు చెప్పెను. ఆ పని జరుగకమునుపే 1912 ఫిబ్రవరిలో ఆయన పరమపదించెను. 1913 నాటి కూర్పులో ఆమె గురువుగారి పాత పీఠికను అచ్చువేయించి, దానితో తనకు గల అసంతృప్తినికూడ దాచక వ్రాసెను. గురువునెడ భక్తి విడువలేదు, సత్యమును విడువలేదు. ఆ పీఠికను, ఆమె మాటలను పక్కపక్కన ఉంచి చదివినవానికి ఆ కాలపు సంఘము మొత్తము కన్నులకు కట్టును.

ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము మొదటి సంపుటము వెలువడినది 1911లో. రెండు గ్రంథముల నడుమ అంతరము ఒక్క సంవత్సరమే. ఆయన వేశ్యావృత్తిని నిరసించి, భోగముమేళములను మాన్పింప పోరాడిరి. సంఘమును చక్కదిద్దబూనిన వ్యక్తి వ్రాసికొన్న కథ అది. ఆ సంఘము వెలివేసిన స్త్రీ వ్రాసికొన్న కథ ఇది. రెంటిలోను సత్యమున్నది. ఒకదానిని చదివి రెండవదానిని విడిచినవానికి ఆ కాలము సగమే తెలియును.

బినోదిని 1924-25 ప్రాంతమున 'రూప్ ఓ రంగ్' పత్రికలో తన నటజీవితమును గూర్చి మఱల వ్రాసెను. అది పూర్తి కాలేదు. 1941లో ఆమె కన్నుమూసెను. బీడన్ వీధిలోని ఆ మొదటి కట్టడము నేడు లేదు. స్టార్ అను పేరు 1888లో హాతీబాగానులో లేచిన క్రొత్త కట్టడమునకు వచ్చినది. 2024 డిసెంబరు చివరలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము ఆ నాటకశాలకు 'బినోదినీ థియేటరు' అను పేరు ప్రకటించెను. 1883లో ఇచ్చిన మాట చెల్లుటకు 141 సంవత్సరములు పట్టినది. ఇంతకాలము ఆ అప్పును ఎవరు జ్ఞాపకముంచిరి? మాట యిచ్చినవారు పోయిరి, నాటకములు చూచినవారును పోయిరి. నిలిచినది ఆమె వ్రాసిన పుస్తకము, దానిని తరతరములుగా చదివిన పాఠకులు.

రంగస్థలము వెనుక చలనచిత్రములు వచ్చినవి. నటీమణుల కీర్తి విస్తరించినది. పేరును గూర్చిన వేదన మాత్రము కొత్త రూపము దాల్చినది. మహారాష్ట్ర నటి హంసా వాడ్కర్ అసలు పేరు రతన్. వంశమునకు అపకీర్తి రాకూడదని చిత్రములకొఱకు వేఱొక యింటి పేరు ధరింపవలసివచ్చినది. 1936లో, బాల్యము తీరకమునుపే, ఆమె చిత్రరంగమున ప్రవేశించి కుటుంబమును పోషించెను. ఆమె ఆత్మకథ 'సాంగత్యే ఐకా' 1970లో గ్రంథముగ వెలువడినది. 'చెప్పుచున్నాను, వినుడు' అని దాని భావము. ఆమె చెప్పగా రచయిత అరుణ్ సాధు దానిని అక్షరబద్ధము చేసెను. మఱుసటి సంవత్సరమే ఆమె మరణించెను. దాని ఆధారముగా శ్యామ్ బెనెగల్ 1977లో 'భూమిక' చిత్రమునకు దర్శకత్వము వహింపగా, స్మితా పాటిల్ ఆ పాత్రను ధరించెను. తన తప్పులను దాచని తీరు ఆ పుస్తకమునకు వన్నె తెచ్చినది.

అమెరికాలో బాలతారల కథ మఱియొక తీరు. షర్లీ టెంపుల్ పసితనములోనే లోకమునకంతకు ముద్దుబిడ్డయైనది. 1988లో ప్రకటించిన ఆత్మకథలో ఆమె ఒక లెక్క బయటపెట్టెను. బాల్యమున తాను ఆర్జించినది 30 లక్షల డాలర్లకు పైబడగా, తనకు మిగిలినది 50 వేల డాలర్లకు లోపే. డ్రూ బారీమోర్ ఆత్మకథ 1990లో, ఆమె కౌమారము దాటకమునుపే, వెలువడినది. మద్యమునకు, మత్తుమందులకు బాల్యములోనే లోబడి బయటపడిన ఉదంతమది. ఒక పాత్రికేయుని సహాయముతో వ్రాసినది. 2022లో జెనెట్ మెకర్డీ ప్రకటించిన గ్రంథమునకు, తల్లి మరణించినందుకు సంతోషించుచున్నానను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ పేరు విని చెవులు మూసికొనువారు లోపలి పుటలు చదువవలెను. ఆఱేండ్ల బిడ్డను తల్లి తన తీరని కోరికకొఱకు నటనలో ప్రవేశపెట్టుటయు, పదునొకండేండ్లకే ఎదుగుదల కనబడకుండుటకు ఆహారము తగ్గించుట నేర్పుటయు అందు వర్ణితములు. ఫానీ కెంబల్ తండ్రి అప్పులకై రంగమెక్కిన నాటికిని నేటికిని ఇంచుమించు రెండువందల యేండ్ల దూరము. బిడ్డ శ్రమపై ఇల్లు నడచుట మాత్రము ఆగలేదు.

అన్ని ఆత్మకథలును దుఃఖగాథలే యనుకొనుట పొరపాటు. తెలుగు పాఠకులకు ఈ విషయమును తెలిపిన గ్రంథము భానుమతీ రామకృష్ణగారి 'నాలో నేను'. ఒంగోలు ప్రాంతమునకు చెందిన దొడ్డవరములో 1925లో జన్మించిన భానుమతిగారు 1939లో 'వరవిక్రయము' చిత్రమున తొలిసారి నటించిరి. పదునాలుగేండ్లు నిండని ప్రాయమది. ఆమె నటి, గాయని, నిర్మాత, స్టూడియో యజమానురాలు. 1953లో 'చండీరాణి'కి దర్శకత్వము వహించిరి. అత్తగారి కథలు వ్రాసి తెలుగువారి నోట నవ్వు పూయించిరి. అనగా ఆత్మకథ వ్రాయుటకు పూర్వమే ఆమె రచయిత్రి. ఒకరు చెప్పించిన మాటను కాక తనకు తోచిన మాటను చెప్పుట ఆమెకు అలవాటు. 'నాలో నేను' ఉత్తమ చలనచిత్ర గ్రంథముగ 1993వ సంవత్సరపు జాతీయ పురస్కారమును పొందినది. బినోదిని తన పేరును ఇతరులు ద్వారముపై వ్రాయుదురని ఎదురుచూచెను. భానుమతిగారు తమ పేరును తామే వ్రాసికొనిరి. నడుమ గడచిన కాలములో స్త్రీల చదువు ఎంత పని చేసినదో ఈ తారతమ్యమే చెప్పును.

ఇట్టి గ్రంథములను చదువు పాఠకుడు మూడు విషయములను మనస్సున నుంచుకొనుట మంచిది. మొదటిది, కలము ఎవరి చేతనున్నదో గమనించుట. నటి స్వయముగా వ్రాసినదా, ఇతరులు విని వ్రాసినదా, పీఠిక ఎవరిది, ప్రచురణమువలన లాభమెవరిది అను ప్రశ్నలు వేసికొనవలెను. ఇతరుల సహాయముతో వ్రాసినంత మాత్రమున అసత్యము కాదు; కాని రెండు గొంతులను వేఱుచేసి వినుట నేర్వవలెను. రెండవది, చెప్పని మాటను గుర్తించుట. ఫానీ గీతల వెనుక, బినోదిని వినయము వెనుక ఎంతయో యున్నది. బ్రతికియున్నవారికి భయపడి కొంత, ప్రేమించినవారిని నొప్పింపలేక కొంత, నటీమణులు దాచుదురు. జ్ఞాపకము పొరపాటు పడుటయు కలదు. అందుచే తేదీలను ఇతర ఆధారములతో సరిచూచుకొనవలెను. మూడవది, జాలికంటె న్యాయబుద్ధి అవసరమనుట. అయ్యో పాపమని పుస్తకము మూసివేయుట సులభము. ఆ స్త్రీ శ్రమవలన లాభపడినవారిలో ప్రేక్షకులును ఉన్నారని తలచుట కష్టము. చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి, ఆమె బిడ్డకు బడిలో చోటు లేదన్నవారు ఒక్కరే.

యువతులైన నటీమణులు ఇంత చిన్న వయస్సున ఆత్మకథలు వ్రాయుట తగునా యని ఆక్షేపించువారు కలరు. జీవితము ముగియునప్పుడు వెనుదిరిగి చూచి వ్రాయవలసినది ఆత్మకథ యని వారి వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. పరిపక్వత వయస్సుతో వచ్చును. ఫానీయే తన బాల్యమును గూర్చి 1878లో, వృద్ధాప్యమున, మఱల నెమ్మదిగా వ్రాసెను. అయినను నటి జీవితములో పని కాలము చిన్నది. పండ్రెండేండ్లకు మొదలై ఇరువదినాలుగేండ్లకు ముగిసిన వృత్తిని బినోదిని ఏబదియేండ్లు సమీపించునప్పుడు వ్రాసెను. పుస్తకము వెలువడునాటికి గురువు లేడు, బిడ్డ లేదు, పోషకుడు లేడు. ఇరువదియైదేండ్లకు వ్రాసిన పుస్తకములో తొందరపాటు ఉండవచ్చును. కాని గాయము పచ్చిగా నుండగా చెప్పిన సాక్ష్యమునకు దాని విలువ దానికి కలదు. రెండును గ్రంథాలయమున ఉండదగినవే.

గ్రామ గ్రంథాలయము ఊరివారి ఉమ్మడి సొత్తు. అందలి బీరువాలలో ఎవరి పుస్తకము ఎక్కడ నిలుచునను నిర్ణయము చిన్నది కాదు. రాజుల చరిత్ర ఒక వరుసలోను, నటి చరిత్ర తాళము వేసిన అరలోను ఉండినచో, ఆ యూరి ఆడుబిడ్డలకు గ్రంథాలయము చెప్పకయే ఒక పాఠము చెప్పుచున్నదని అర్థము. స్టార్ థియేటరు ద్వారముపై ఒక స్త్రీ పేరు వ్రాయుటకు ఆనాటి పెద్దలకు ధైర్యము చాలలేదు. గ్రామ గ్రంథాలయమున అంత ధైర్యముకూడ అక్కఱలేదు. పుస్తకముల పట్టికలో ఆమె పేరును పూర్తిగా, స్పష్టముగా వ్రాసి, ఆ గ్రంథమును జీవితచరిత్రల వరుసలో దాని స్థానమున నిలిపిన చాలును. అట్ట వేయకుండ దానిని ఇంటికి కొనిపోవు పాఠకుడు, ఎన్నడో ఎవరో తప్పిన మాటను తనవంతుగా చెల్లించినవాడగును.